నిమ్మకాయలు తొక్కిస్తే సరా?

కొత్త కారుకు పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, మరునాడే రహదారిపై 120 కిలోమీటర్ల వేగంతో ఉరికించే మహానుభావులారా, ఒక్క మాట!

“ఈ కాలపు ఇంజన్లకు ఆ చాదస్తాలేల మావయ్యగారూ?” అన్నాడు మా అల్లుడు. చాదస్తమే అయితే, పెక్కు కార్ల పుస్తకాల్లో తయారీదారులే తొలి 1000 కిలోమీటర్లకు నియమాలెందుకు ముద్రిస్తున్నారు? సిలిండరు గోడమీది సన్నని గీతలతో పిస్టన్ రింగులు ఒరుసుకొని కుదురుకోవాలి. అందుకు మితిమీరిన వేగం చేటు. గంటల తరబడి ఒకే వేగమూ చేటే. ఇంజను వేడెక్కకముందే గట్టిగా తొక్కక, పెద్ద గేరులో ఈడ్పించక, వేగం మారుస్తూ నడపాలి.

నేనేమైనా తక్కువా? నా తొలి కారును 40 దాటనీయక, అదే భద్రమని మురిసిపోయాను. “పాఠం చదివి రండర్రా” అని జీవితమంతా పిల్లలను గద్దించినవాణ్ణి, ఆ పుస్తకం తెరవనేలేదు!

పూజ మానమనను, పుస్తకమూ తెరవమంటాను.