తాళంచెవి వెనుక పాఠం

తాళంచెవి తిప్పగానే పాత జీపు గర్రుమంటుంది. ఆ తాళం వెనుక ఏం జరుగుతుందో మీరెప్పుడైనా ఆలోచించారా?

ఆ మధ్య మహబూబ్‌నగర్‌లో ఒక మరమ్మతు షెడ్డు దగ్గర పాత పెట్రోలు జీపును చూశాను. స్విచ్చి పాడైతే ఎవరో దాన్ని పీకేసి, వైర్ల కొసలు మెలిపెట్టి నడుపుతున్నారు. ఫ్యూజు ఉండవలసిన చోట రాగితీగ చుట్టారు. మెకానిక్కు తన శిష్యుడితో, "ముందుగాల బ్యాటరీ వైరు ఇప్పు, తర్వాతనే చెయ్యి పెట్టు" అన్నాడు. ఆ కుర్రాడు పదో తరగతి పాసైనవాడే. విద్యుద్వలయం బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాడే. కాని ఆ వైర్లలో వలయం ఎక్కడుందో అతనికి తోచలేదు. తప్పు అతనిది కాదు, మన బోధనది.

నిజానికి అందులో తెలియని విషయమేమీ లేదు. బ్యాటరీ ఒక ధ్రువాన్ని చట్రానికి కలుపుతారు. కరెంటు తిరిగివచ్చే దారి ఆ ఇనుప చట్రమే. కొన్ని స్విచ్చుల వెనుక 30, 15, 50 అనే అంకెలుంటాయి. 30కి బ్యాటరీ నుంచి కరెంటు వస్తుంది. 15 నుంచి ఇగ్నిషన్ కాయిల్‌కు, 50 నుంచి స్టార్టరు సోలినాయిడ్‌కు పోతుంది. చెవిని ఒక మెట్టు తిప్పితే 30, 15 కలుస్తాయి. ఇంకో మెట్టు తిప్పితే 50 కూడా కలుస్తుంది. అప్పుడు 15 తెగిపోకూడదు. తెగితే ఇంజను తిరుగుతుంది గాని రాజుకోదు!

స్టార్టరు మోటారు వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది. అంత ప్రవాహం చిన్న స్విచ్చి గుండా పోతే అది మాడిపోతుంది. అందుకే స్విచ్చి ఆజ్ఞ మాత్రమే ఇస్తుంది. బరువు పని సోలినాయిడ్ ద్వారా లావు కేబులు చేస్తుంది.

మరి ఫ్యూజు ఎందుకు? 12 వోల్టుల బ్యాటరీ మీద 60 వాట్ల దీపానికి 5 ఆంపియర్లు చాలు. వైరు ఒరుసుకుని చట్రానికి తగిలిందా, నిరోధం దాదాపు పోయి ప్రవాహం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఫ్యూజు ఉంటే అది కరుగుతుంది. రాగితీగ ఉంటే వైరే కాలుతుంది. పక్కనే పెట్రోలు గొట్టం! ఓమ్ నియమం తెలియడానికీ, తెలియకపోవడానికీ మధ్య తేడా కొన్నిసార్లు ఒక ప్రాణం.

ఇంకో వింత చూడండి. మాగ్నెటో ఉన్న పాత మోపెడ్లలో, స్కూటర్లలో స్విచ్చి మాగ్నెటోను చట్రానికి కలిపితే ఇంజను ఆగుతుంది, విడదీస్తే నడుస్తుంది. జీపుకు ఇది సరిగ్గా వ్యతిరేకం. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వే అక్కరలేదు. అణచిన గాలి వేడికే ఇంధనం మండుతుంది. అందుకే చాలా పాత ట్రాక్టర్లు తాళంచెవి తీసినా ఆగవు. ఇంధనాన్ని ఆపే మీట లాగాలి. బట్టీపట్టినవాడు ఇక్కడ బోల్తా పడతాడు. వలయాన్ని అర్థం చేసుకున్నవాడు పడడు.

"పిల్లల చేతికి ఇలాంటివి ఇస్తే ప్రమాదం కాదా?" అని పెద్దలు అడగవచ్చు. బండి మీద చేయి వేయమని నేననడం లేదు. బ్యాటరీ మీద పానా అడ్డంపడితే ఎర్రగా కాలుతుంది. కాయిల్ వేల వోల్టులు పుట్టిస్తుంది. కాని పాత సామాన్ల దుకాణంలో దొరికే ఒక విడి స్విచ్చి, ఒక టార్చి ఘటం, ఒక చిన్న బల్బు చాలు. ఏ మెట్టులో ఏ కొసలు కలుస్తున్నాయో బల్బే చెబుతుంది. మీరు బొమ్మ గీసుకోండి. ప్రతి బడిలోనూ ఈ ప్రయోగం ఉండాలని నా అభిప్రాయం. ఏడాదికొకసారి ఊరి మెకానిక్కును కూడా బడికి పిలవాలి. అతని చేతికి తెలిసినది మన పుస్తకానికి తెలియదు. మన పుస్తకానికి తెలిసినది అతనికి ఎవరూ చెప్పలేదు.

మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో బ్యాటరీల కర్మాగారానికి 2023లో శంకుస్థాపన జరిగింది. పొట్ట చేతపట్టుకుని వలసపోయిన పాలమూరు బిడ్డలు అక్కడ గేటు కాపలాకే మిగలాలా, లేక వలయాలు చదివే పనివాళ్లు కావాలా? దానికి జవాబు నేడు మీ బడిలో వెలిగే ఆ చిన్న బల్బు దగ్గరే మొదలవుతుంది.