అడిగినందుకే పని పోతే...

మన హాస్టల్లో చదివినవాళ్ళకు గుండ్రపు అర్జీ సంగతి గుర్తుండే ఉంటుంది. పప్పు మరీ నీళ్ళలా వస్తోందని పై అధికారి గారికి అర్జీ రాద్దామనుకుని, మొదటి సంతకం ఎవరిది అన్న దగ్గర ఆగిపోయాం. మొదటి పేరువాడికే వార్డెన్ గది నుంచి పిలుపు వస్తుందని అందరికీ తెలుసు. చివరికి తొమ్మిదో తరగతి తమ్ముడొకడు కాగితం మీద కంచం బోర్లించి చుట్టూ గీత గీశాడు. ఆ గీత వెంబడి అందరం సంతకాలు చేశాం. మొదటివాడూ లేడు, చివరివాడూ లేడు. పప్పు కొన్నాళ్ళపాటు చిక్కబడింది కూడా.

హాస్టల్ గడప దాటి పనుల్లోకి వెళ్ళాక ఆ తెలివి ఏమైపోయిందో! ఇప్పుడు సీనియర్లం జూనియర్లకు ఫోన్లో చెప్పే మొదటి మాట, "గొడవలు పెట్టుకోకు తమ్ముడూ, ఉన్న పని పోతుంది" అని. మేమూ చాలామందికి చెప్పాం. ఆ సలహా తప్పని ఈ సంచికలో ఒప్పుకుంటున్నాం. మా చేత ఒప్పించినవాడు మా బ్యాచ్ మిత్రుడే.

ఇంటర్ అయ్యాక వాడు హైదరాబాదులో ఒక పెద్ద బట్టల దుకాణంలో సేల్స్‌మన్‌గా చేరాడు. చేరిన రోజే పదో తరగతి మెమో, ఇంటర్ మెమో ఒరిజినల్స్ తీసి పెట్టుకున్నారు. ఉదయం పది నుంచి రాత్రి పదిన్నర దాకా నిలబడే పని. పండగ రోజుల్లో వారపు సెలవు కూడా లేదు. రెండేళ్ళు ఓర్చుకుని, 2024 దసరా వెళ్ళాక, అదనపు గంటలకు డబ్బు ఇప్పించమని మేనేజరుకు ఒక కాగితం రాసిచ్చాడు. నకలు ఉంచుకోలేదు. నాలుగో రోజు గదిలోకి పిలిచారు. "వ్యక్తిగత కారణాల వల్ల మానుకుంటున్నాను" అని టైపు చేసిన కాగితం ముందు పెట్టారు. సంతకం పెడితే మెమోలు ఇస్తాం, లేకపోతే వాటిని మరిచిపో అన్నారు. పెట్టేశాడు. "అమ్మ ఆ మెమోని ట్రంకుపెట్టెలో చీర మడతలో దాచేదిరా, అది పోతే ఆమెకేం చెప్పేది?" అన్నాడు మాతో. మేము వాణ్ణి ఏమీ అనలేకపోయాం.

నెల తర్వాత లేబర్ ఆఫీసుకు వెళ్ళాడు. అధికారి గారు ఓపిగ్గానే విన్నారు. యాజమాన్యం తరఫువాళ్ళు వచ్చి రాజీనామా చూపించారు. "నువ్వే మానేశావు కదా బాబూ" అన్నదానికి మావాడి దగ్గర జవాబు లేదు. బాకీ జీతం వచ్చింది. పని రాలేదు.

ఆ ఒక్క సంతకం ఏం పోగొట్టిందో తర్వాత తెలుసుకున్నాం. దుకాణాలు, సంస్థల చట్టం 1988లో వచ్చింది, ఇవాళ ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఉంది. ఆరు నెలలు విడవకుండా చేసినవాణ్ణి సరైన కారణం చూపకుండా, నెల ముందు రాతపూర్వకంగా నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వకుండా తీసేయకూడదు. తీసేస్తే అప్పీలు చేసుకోవచ్చు. అదనపు గంటలకు రెట్టింపు కూలి. మావాడు అడిగింది ఇంతకంటే ఎక్కువేం కాదు. కానీ ఆ నోటీసూ అప్పీలూ తీసేసినవాడికే. తనంతట తాను మానుకున్నవాడికి కాదు. యాజమాన్యానికి రాజీనామా మీద అంత మోజు అందుకే. ఇక ఒరిజినల్ మెమోలు తాకట్టు వస్తువుల్లా పెట్టుకొనే హక్కు ఏ చట్టమూ ఏ యజమానికీ ఇవ్వలేదు.

ఫ్యాక్టరీల్లో ఉన్నవాళ్ళకు దారి వేరు. 2025 నవంబరు 21 నుంచి పాత పారిశ్రామిక వివాదాల చట్టం పోయి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. కక్షతో పనిలోంచి తీసేయడం అందులోనూ తప్పే, రెండు లక్షల దాకా జరిమానా ఉంది. అయితే పాత చట్టంలో తొలగింపు మీద వెళ్ళడానికి మూడేళ్ళ గడువుండేది, ఇప్పుడది రెండేళ్ళు. దీన్ని మేము మంచి మార్పు అనుకోవడం లేదు. పని పోయినవాడికి మొదటి ఏడాది అప్పుల వాళ్ళకు సమాధానం చెప్పుకోవడానికే సరిపోతుంది. నెలకు 18,000 దాటిన సూపర్‌వైజర్లు, మేనేజర్లు ఈ కోడ్ కింద కార్మికులు కారు. కానీ బ్యాడ్జీ మీద 'ఎగ్జిక్యూటివ్' అని ఉందని వెనక్కి తగ్గకండి. పేరు కాదు, చేసే పని చూస్తారు.

పోరాడి గెలిచినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. అప్పటి ఔరంగాబాదులో ఒక ప్రైవేటు పాఠశాల యాజమాన్యం మున్సిపల్ కార్పొరేషన్ పన్ను కట్టడానికి సిబ్బందిని తలా 1500 రూపాయలు ఇమ్మంది. ఒక ఉపాధ్యాయురాలు ఇవ్వనన్నారు. ఆ తర్వాత ఆమెకు ఏకంగా 25 మెమోలు వచ్చాయి. 2006 నవంబరులో సస్పెన్షన్, 2007లో తొలగింపు. 2013లో సుప్రీంకోర్టు ఆమెకు పాత జీతమంతా ఇవ్వాలని తీర్పు చెప్పింది. అన్యాయంగా తీసేసినప్పుడు పాత జీతంతో సహా పనిలోకి తీసుకోవడమే మామూలు పద్ధతి అంది. గెలుపే, కానీ ఏళ్ళు ఎన్ని పట్టాయో చూడండి. అడిగే ముందురోజు దాకా బాగా పనిచేసిన మనిషి మీద అడిగిన మరునాటి నుంచి మెమోలు కురవడం ఎందుకో కూడా చూడండి. అందుకే తేదీలు ముఖ్యం.

కనుక మీ ఫిర్యాదు కాగితం మీద ఉండాలి, తేదీ ఉండాలి, అందినట్టు సంతకం తీసుకోవాలి. ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. నలుగురు కలిసి రాస్తే మరీ మంచిది, కంచం గుర్తుంది కదా. బలవంతంగా రాజీనామా రాయించుకుంటే ఆ రోజే, మహా అయితే మర్నాడు, "బెదిరించి పెట్టించుకున్నారు" అని యాజమాన్యానికీ లేబర్ ఆఫీసుకూ రాయండి. నెల ఆగితే మావాడిలా అవుతుంది. ఐడీ కార్డు, పీఎఫ్ స్లిప్పులు ఫొటో తీసి ఇంట్లో ఒకరి ఫోనులో ఉంచండి.

చెల్లెళ్ళకు ఒక మాట. పనిచోట లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ఉంది. పదిమంది పనిచేసే చోట కమిటీ ఉండి తీరాలి. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు. ఒప్పుకోకపోతే పని పోతుందని బెదిరించడమూ ఆ చట్టం ప్రకారం వేధింపే.

వకీలు ఫీజు ఎక్కడ తెచ్చేదని అడుగుతారు. ఎస్సీ, ఎస్టీలకూ ఆడవాళ్ళకూ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెట్టాలని 1987 నాటి చట్టం చెబుతోంది. పారిశ్రామిక కార్మికులకూ ఉంది. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు అడిగితే చూపిస్తారు. మన స్టడీ హాల్లో పటం కింద కూర్చుని చదివినవాళ్ళం, అంబేడ్కర్ గారు రాజ్యాంగం రాశారని చెబుతాం గానీ, 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసింది ఆయనేనని తమ్ముళ్ళకు ఎప్పుడైనా చెప్పామా?

వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక అదే స్టడీ హాల్లో కూర్చుంటాం. లా చదివిన మనవాళ్ళు ఇద్దరు వస్తామన్నారు. మావాడూ వస్తాడు. మీకు గానీ మీ ఇంట్లోవాళ్ళకు గానీ ఇలాంటి ఇబ్బంది ఉంటే కాగితాలు పట్టుకురండి. ఒరిజినల్స్ వద్దు, జిరాక్సులు చాలు.