పక్కింటికి తాళం.. మనింట్లో జ్వరం

కూలర్ ఎండబెట్టారు. పూలకుండీల కింది పళ్లేలు బోర్లించారు. వారానికోసారి డ్రై డే పాటిస్తున్నారు. అయినా పిల్లాడికి డెంగీ వచ్చింది. ఓసారి ప్రహరీ అవతలికి చూడండి. ఏళ్లుగా తాళం వేసి ఉన్న ఆ ఇంటి మీద మూత ఊడిన ట్యాంకు కనిపిస్తోందా?

డెంగీని మోసుకొచ్చే ఏడిస్ దోమ పుట్టిన చోటి నుంచి ఎక్కువ దూరం పోదు. మహా అయితే నాలుగు వందల మీటర్లు. అంటే మీ వీధే దాని ప్రపంచం. పైగా దాని గుడ్లు మహా మొండివి. నీటి అంచుకు కాస్త పైన అతుక్కుని, చుక్క నీరు లేకున్నా నెలల తరబడి బతుకుతాయి. తొలకరికి ట్యాంకులో నీళ్లు చేరాయా, వారం పది రోజుల్లో దోమలై లేస్తాయి. వాడని కమోడ్, సంపు, సన్‌షేడ్ మీద నిలిచిన నీరు... పాడుబడ్డ ఇంట్లో తావులకు కొదవా?

మందు కొట్టడానికి వచ్చిన సిబ్బంది తాళం చూసి పక్కింటికి వెళ్లిపోతారు. ఫాగింగ్ పొగ చంపేది ఎగిరే దోమల్నే, ట్యాంకులోని లార్వాను కాదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని పట్టణాల్లో సుమారు 1.1 కోట్ల ఇళ్లు ఖాళీ. కొన్ని అన్నదమ్ముల తగాదాలో ఉన్నవి, కొన్ని డాలస్‌లో ఉన్నవారివి. అమ్మరు, అద్దెకివ్వరు.

అమెరికాలోని ఫిలడెల్ఫియా 2011 నుంచి ఇలాంటి ఇళ్లకు చెక్కలు కొట్టి వదిలేయకుండా, సరైన తలుపులు, కిటికీలు పెట్టాల్సిందేనని యజమానులను నిలదీస్తోంది. అదే నగరంలో 541 ఖాళీ స్థలాలపై అధ్యయనం చేసి, 2018లో ఫలితాలు ప్రకటించారు. చెత్త తీసి పచ్చిక వేసిన స్థలాల పక్కన ఉండేవారిలో కుంగుబాటు భావన 41.5 శాతం తగ్గింది. పాడుబడ్డ చోటు మనసునూ పాడు చేస్తుందన్నమాట!

మన దగ్గర వ్యవహారం తలకిందులు. హైదరాబాద్ మున్సిపల్ నిబంధనల్లో ఖాళీ ఇంటికి ఆస్తిపన్ను రాయితీ అడిగే వీలుంది. ఇవ్వండి, కాదనం. కానీ ట్యాంకు ఖాళీ చేసి, ఒక తాళంచెవి కాలనీలో ఎవరికైనా అప్పగించాకే ఇవ్వాలి. స్పందించని యజమాని ఇంటిని నోటీసు ఇచ్చి తెరిచి, శుభ్రం చేయించి, ఆ ఖర్చును పన్నులో కలపాలి.

అప్పటిదాకా మీరు చేయగలిగింది: వానలకు ముందే యజమానికి ఫొటోలతో వాట్సాప్ చేయండి. పలక్కపోతే కాలనీ సంఘం పేరుతో మున్సిపాలిటీ ఎంటమాలజీ విభాగానికి లిఖితపూర్వకంగా ఇవ్వండి. పెరట్లో పాత బావి ఉంటే గంబూసియా చేపలు వదలమని అందులోనే రాయండి.