పేరు లేని విత్తనం ఇవ్వొద్దు, తీసుకోవద్దు

హనుమకొండలో మిద్దె తోటలు పెంచేవాళ్లం ఏటా మృగశిర కార్తెకు ముందు ఒకచోట చేరి విత్తనాలు ఇచ్చిపుచ్చుకుంటాం. డబ్బు ప్రసక్తి ఉండదు. ఎవరింట్లో కాచింది వాళ్లు పంచుతారు. అంత మంచి పని జరిగే చోట నన్ను బాధపెట్టేది ఒక్కటే: చేతిలో పెట్టే పొట్లాల మీద చాలావరకు ఏమీ రాసి ఉండదు. రాసినా ‘నాటు సొర’, ‘దేశీ వంగ’ అని రెండు ముక్కలు. ఏ ఊరి సొర, పొడుగుదా గుండ్రందా, ఏ ఏడు ఎండబెట్టింది అని అడిగితే ‘మా వదిన ఇచ్చిందండీ’ అంటారు. కటువుగా అనిపించినా చెప్పక తప్పదు. పేరూ ఏడూ రాయని విత్తనం ఎవరికీ ఇవ్వకూడదు, ఎవరి దగ్గరా తీసుకోకూడదు.

మా అత్తమ్మకు చదువు రాదు. ఆమె విత్తనాలన్నీ పాత చీర చింపి కట్టిన మూటల్లో దూలానికి వేలాడేవి. సొర, బీర అయితే తీగ మీదే ఎండనిచ్చి కాయలకు కాయలే పొయ్యి పైన కట్టేది. ఆ పొగకు పురుగు దగ్గరికి రాదు. చిక్కుడు గింజలకు బూడిద పట్టించేది, కందుల్లో ఎండిన వేపాకు వేసేది. ఏ మూటలో ఏముందో తడిమి చెప్పేది. ఇది పెళ్లప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్న చిక్కుడు, ఇది సంక్రాంతికే అయిపోతుంది, ఇదైతే శివరాత్రి దాకా కాస్తుంది అని. ఆమె పోయాక మూటలు మిగిలాయి. విత్తితే మొలిచాయి, కాశాయి కూడా. కానీ ఆమె పుట్టింటి చిక్కుడు వాటిలో ఏదో మా ఇంట్లో ఇవాళ ఎవరికీ తెలియదు. అడుగుదామంటే ఆ ఊళ్లో ఆ చిక్కుడు వేసేవాళ్లూ లేరు.

గింజను చూస్తే తెలియదా అంటారు. కొన్ని తెలుస్తాయి. బడిలో జీవశాస్త్రం చెప్పే రోజుల్లో బీర గింజనూ నేతిబీర గింజనూ పిల్లల అరచేతిలో పక్కపక్కన పెట్టేదాన్ని. రెండూ నల్లనివే. బీర గింజ మీద సన్నని గుంటలుంటాయి, గోరుతో రాస్తే గరగరలాడుతుంది. నేతిబీరది నున్నన, అంచు చుట్టూ పల్చని రెక్కలాంటి పొర. టమాట గింజకు నూగుంటుంది, వంగ గింజకు ఉండదు. అంతవరకు బాగానే ఉంది. గుత్తివంగ, పొడుగు వంగ, తెల్ల వంగ గింజలు కలిసిపోతే మాత్రం ఎంత అనుభవమున్న రైతైనా విడదీయలేడు. ఆవాలకూ క్యాబేజీ గింజలకూ తేడా చెప్పడం కూడా అంతే కష్టం.

ప్రాణం మీదికి తెచ్చే పోలికలూ ఉన్నాయి. ఉమ్మెత్త గింజలు మిరప గింజల్లాగే చదునుగా, చిన్నగా ఉంటాయి. వైద్య విద్యార్థులు చదివే పుస్తకాల్లో ఈ రెండింటి తేడాలు ప్రత్యేకంగా చెబుతారు, పొరపాటున తిని ఆస్పత్రి పాలయ్యేవాళ్లు ఉంటారు కనుక. కంపెనీ విత్తనాలకు ఎరుపో నీలమో రంగు కలిపి మందు పట్టిస్తారు. విత్తగా మిగిలిన వాటిని పేరు రాయకుండా వంటింటి డబ్బాలో పోసి అటక మీద పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. పిల్లలున్న ఇంట్లో ఆ పని అస్సలు చేయకూడదు. మందు పట్టించిన గింజ డబ్బా మీద ‘విషం’ అని పెద్దక్షరాలతో రాయాలి, వంటింట్లోకి రానివ్వకూడదు.

పేరు తర్వాత ఏడు. ఉల్లి విత్తనం ఏడాది దాటితే నమ్మకం తక్కువ. టమాట, వంగ, సొరజాతి గింజలు బాగా ఎండబెట్టి దాస్తే నాలుగేళ్లకూ మొలుస్తాయి. హారింగ్టన్ అనే అమెరికా శాస్త్రవేత్త విత్తనాల ఆయుష్షుకు ఒక లెక్క కట్టాడు. గింజలో తేమ ఒక శాతం తగ్గితే నిల్వకాలం దాదాపు రెట్టింపవుతుంది, నిల్వచేసే చోట వేడి 5 డిగ్రీలు తగ్గినా అంతే. ప్రభుత్వ ధ్రువీకరణ ప్రమాణాల్లో టమాట, వంగ విత్తనానికి తేమ 8 శాతం మించకూడదు, గాలి చొరని ప్యాకింగ్ అయితే 6 శాతం. మొలక శాతం కనీసం 70. కొట్లో దొరికే ప్యాకెట్ మీద పరీక్ష చేసిన తేదీ, ఎప్పటిదాకా పనికొస్తుందో ఉంటాయి. ఇంట్లో తేమ కొలిచే మీటరు ఉండదు కదా. గుమ్మడి గింజ వంచితే సాగకుండా టక్కున విరగాలి, చిక్కుడు గింజను కొరికితే పన్ను దిగకూడదు. నీడలో అలా ఆరిన గింజను గాజు సీసాలో పోసి, వేయించి చల్లార్చిన బియ్యం చిన్న గుడ్డలో మూటగట్టి అందులో పడేస్తే మిగిలిన తేమను అది పీల్చుకుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లు సీసా బయటికి తీసిన వెంటనే మూత తెరవకూడదు. చల్లటి గింజ మీద గాలిలోని తేమ నీరై పడుతుంది. సీసా మామూలు వేడికి వచ్చేదాకా ఆగాలి.

ఇక రాయడం సంగతి. ప్లాస్టిక్ కవరు మీద మార్కర్‌తో రాసింది నాలుగుసార్లు చేతులు తగిలితే చెరిగిపోతుంది. జెల్ పెన్నుతో కాగితం మీద రాస్తే ఫ్రిజ్ చెమ్మకు అలుక్కుపోతుంది. పెన్సిలే మేలు. అందులోని గ్రాఫైట్ నీళ్లకు కరగదు, వెలుగుకు వెలవదు. ఒక చీటీ సీసా లోపల, ఇంకోటి బయట ఉంచాలి. బయటిది ఊడిపోయినా లోపలిది ఉంటుంది. పేరు, ఏ ఊరి నుంచి ఎవరి ద్వారా వచ్చింది, కాయ కోసిన నెల, ఏడు. వీటితో పాటు నేను తప్పకుండా రాసేది, మిగతావాళ్లు రాయంది ఒకటుంది: ఆ మొక్క పక్కన ఇంకేం పెరిగింది అని. బీరకూ సొరకూ సంకరం జరగదు. కానీ పొడుగు సొర పక్కన గుండ్రటి సొర ఉంటే ఆ గింజల నుంచి వచ్చేది ఏదీ కాని సొర. మిరపలోనూ తేనెటీగలు పుప్పొడి కలిపేస్తాయి, బజ్జీ మిరప పక్కన కారం మిరప పెట్టిన వాళ్లకు ఆ సంగతి మరుసటేడు నాలుకే చెబుతుంది. టమాట, చిక్కుడుకు ఆ బెడద తక్కువ. కొనుక్కొచ్చిన హైబ్రిడ్ కాయలో గింజ దాస్తే ‘హైబ్రిడ్ నుంచి’ అని రాయాల్సిందే. అది తల్లి గుణం నిలుపుకోదు, తీసుకునేవాళ్లకు ఆ విషయం తెలియాలి.

ఇదంతా చాదస్తం అనుకునేవాళ్లు పటాన్‌చెరు ఇక్రిశాట్ విత్తన నిధి గురించి తెలుసుకోవాలి. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యాలు కలిపి లక్షకు పైగా నమూనాలు అక్కడ దాచారు, కొన్ని 4 డిగ్రీల చలిలో, కొన్ని మైనస్ 20 డిగ్రీల్లో. ప్రతి నమూనాకూ ఒక నంబరు, అది ఎక్కడిదో తెలిపే వివరాలు ఉంటాయి. మహారాష్ట్ర నుంచి వచ్చిన కందిలోంచి ఎంపిక చేసిన ఐసీపీ 8863 ఎండు తెగులును తట్టుకుంటుందని అక్కడ గుర్తించారు. అదే ‘మారుతి’ పేరుతో రైతుల పొలాల్లోకి వెళ్లింది. ఆ నంబరూ వివరాలూ లేకపోతే అది లక్షల గింజల్లో ఇంకో గింజగా ఉండిపోయేది.

చదువు రాని ఆడవాళ్లు కదా విత్తనం కాపాడింది, వాళ్లు చీటీలు రాశారా అని నన్ను నిలదీసినవాళ్లున్నారు. నిజమే. జహీరాబాద్ చుట్టుపక్కల డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు పాత పంటలను నిలబెట్టాయి, వాళ్లకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ పురస్కారం వచ్చింది. అయితే ఆ ఊళ్లలో విత్తనంతో పాటు దాన్ని ఎరిగిన మనిషీ ఉంటుంది. ఏటా విత్తుతారు, పాత పంటల జాతరలో పదిమందికీ చూపిస్తారు. మన అపార్ట్‌మెంట్లలో ఆ మనిషి లేదు. రాయలేనివాళ్లు మూటలో ఆ రకం ఎండు కాయ ఒకటి వేసి కట్టినా సరిపోతుంది, కాయ ఆకారమే పేరు చెబుతుంది. మనవడో మనవరాలో పక్కన కూర్చుని రాసిపెడితే మరీ మంచిది.

చట్టం మనల్ని లేబుల్ అడగదు. సొంతంగా పండించి ఇంటి దగ్గరే ఇంకొకరికి విత్తడానికి ఇచ్చే విత్తనాన్ని 1966 నాటి విత్తన చట్టం 24వ సెక్షన్ మినహాయించింది. 2001 నాటి మొక్కల రకాలు, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ దాచుకోవడం, పంచుకోవడం, అమ్ముకోవడం రైతు హక్కు అంది. రక్షణ పొందిన రకం పేరు వేసి బ్రాండ్ విత్తనంగా అమ్మకూడదన్నదే షరతు. కాబట్టి ‘మా అమ్మమ్మ ఊరి వంగ’ అని రాసుకోవడానికి భయపడాల్సిన పని లేదు. అదే చట్టం కింద రైతులు తమ రకాలను నమోదు కూడా చేయించుకోవచ్చు. ఆ రకం ఎన్నేళ్లుగా, ఏ ఊళ్లో ఉందో చూపించే పాత చీటీలు ఆ రోజు అక్కరకొస్తాయి.

ఈసారి మా కూడికలో గుమ్మం దగ్గరే బల్ల వేసి చీటీలు, పెన్సిళ్లు పెట్టమని అడిగాను. పేరు తెలియకపోతే ‘పేరు తెలియదు, నర్సంపేట సంతలో కొన్నది, ఈ ఏడు మాఘంలో కోసింది’ అని రాసినా నాకు చాలు. అన్ని ఊళ్లలో జరిగే కూడికల్లోనూ ఇదే నియమం పెట్టుకోవాలి. వ్యవసాయ శాఖ కూడా ప్రతి రైతు వేదికలో ఒక రిజిస్టరు ఉంచి, ఆ చుట్టుపక్కల ఇళ్లలో ఉన్న పాత విత్తనాల పేరు, ఊరు, దాచినవాళ్ల పేరు, కోసిన ఏడు విస్తరణ అధికారి చేత రాయించాలి. ఈ వానాకాలం విత్తనాలు వేసే లోపే ఆ పని మొదలు కావాలి.