ప్రదక్షిణ భోజనం

మా మేనకోడలు ఆర్లాండోలో ఉంటుంది. మొన్న ఆదివారం వాట్సాప్‌లో ఫొటో పెట్టింది. చేతిలో చిన్న పుస్తకం, దాన్నిండా రంగురంగుల స్టిక్కర్లు. కింద ఒక ముక్క: ‘మావయ్యా, పొద్దుగూకేలోపు తొమ్మిది దేశాలు తినేశాం!’

ఆ పుస్తకం పేరు పాస్‌పోర్ట్. డిస్నీ వాళ్ల ఎప్‌కాట్ పార్కులో తిండి పండక్కి వెళ్లినవాళ్లకి ఊరికే ఇస్తారు. తిండి మాత్రం ఊరికే రాదు. టికెట్ కొని లోపలికెళ్లాక మళ్లీ కొనుక్కోవాల్సిందే. ఒక్కో బుల్లి పళ్లెం ఐదారు డాలర్ల పైమాటే, అందులో ఉండేది మూడు ముద్దలు. పార్కు 1982లో తెరిచారు, పండగ 1996లో మొదలైంది. ఒక చెరువు, చుట్టూ 11 దేశాల నమూనాలు. ఒక చుట్టు దాదాపు రెండు కిలోమీటర్లు. మెక్సికోలో బయల్దేరి నార్వే, చైనా మీదుగా నడిస్తే కెనడాలో తేలతాం. చెరువు కుడిచేతి వైపే ఉంటుంది, శాస్త్రోక్తంగా! మన ప్రదక్షిణే. కాకపోతే ప్రతి ప్రసాదానికీ కార్డు గీకాలి.

ఆ 11 దేశాల్లో మనం లేం. 1988లో నార్వే చేరాక ఇంకెవరికీ చోటు దొరకలేదు. పండగ రోజుల్లో మాత్రం భారత్ పేరిట ఒక బడ్డీ వెలుస్తూంటుంది. కొన్నేళ్ల కిందట అందులో పెట్టినవి నాన్, కోర్మా చికెన్, ‘మద్రాస్ రెడ్ కర్రీ’. ఈ చివరిదాంట్లో కాలీఫ్లవరూ క్యారెట్టూ సెనగలూ. మద్రాసు మైలాపూర్‌లో ఎవర్నైనా అడగండి, వాళ్లమ్మ ఎప్పుడైనా ఆ పేరుతో ఏదైనా వండిందేమో. తెల్లదొరలు కూరపొడి డబ్బా మీద వేసుకున్న పేరది.

సరే, వాళ్లకి తెలిసింది అంతే. నా గొడవ వాళ్లతో కాదు, ఈ మూడు ముద్దల రుచి చూడటంతో. మన భోజనానికి ఒక వరస ఉంది. ముందు పప్పూ నెయ్యీ, తర్వాత కూర, పులుసు, చారు, ఆఖర్న పెరుగు. ఒకదాని ఘాటుని ఇంకొకటి సర్దుతుంది. గోంగూర పచ్చడి చెంచాతో నాకి ‘బావుంది’ అనేస్తే సరిపోతుందా? పొగలు కక్కే అన్నంలో కలిపి, పక్కన ఉల్లిపాయ కొరకాలి. గంటలకొద్దీ మోలే పులుసు మరిగించే మెక్సికో ముసలమ్మకీ ఇదే కడుపుమంట ఉండి ఉంటుంది.

అయినా ఆర్లాండో దాకా ఎందుకు? కిందటి నెల హైదరాబాద్‌లో ఒక పెళ్లికెళ్లాను. అక్కడా ఎప్‌కాటే! పాస్తా, టాకో, మోమో, దేనికదే కౌంటరు. తెల్ల టోపీ కుర్రాడు మంటలు లేపుతూ నూడుల్స్ ఎగరేస్తుంటే జనం సెల్‌ఫోన్లెత్తి నిలబడ్డారు. ‘పప్పెక్కడ బాబూ?’ అనడిగాను. ‘ఆ చివర్న అంకుల్, ఐస్‌క్రీం వెనకాల’ అన్నాడు. వెళ్లేసరికి అడుగంటి ఉంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదనేవారు. ఇప్పుడు బంతీ లేదు, వడ్డించేవాడూ లేడు. ‘ఇంకొక్క గరిటె వేయించుకోండి బాబాయ్’ అని వెంటపడే పెళ్లికూతురి మేనమామ కూడా కంచం పట్టుకుని వరసలో, నా వెనకాలే ఉన్నాడు.

పెరుగన్నం దొరికింది లెండి. చిన్న గాజు గ్లాసులో, పైన దానిమ్మ గింజలు చల్లి, మూడు చెంచాలు.