గూడెం గ్రామసభ జరగాలి, చెంచుల అడవి చెంచులకు దక్కాలి

కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల ప్రజలారా!

సంక్రాంతి వెళ్లగానే అహోబిలం నరసింహస్వామి పారువేటకు బయల్దేరతాడు. చెంచులక్ష్మితో తన పెళ్లికి ఊరూరా తిరిగి అందరినీ పిలుచుకుంటాడని మన నమ్మకం. దేవుడికి పిల్లనిచ్చిన ఆ చెంచులే ఇవాళ పుట్టిన అడవిలో హక్కు అడగాల్సి వస్తోంది. మేం కోరేది ఒక్కటే: నల్లమలలోని ప్రతి చెంచుగూడెంలో గ్రామసభ జరగాలి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం సాగుభూమి పట్టాలతో పాటు సామూహిక హక్కునూ, ఆవాస హక్కునూ గుర్తించాలి.

ఈ చట్టమే ఎందుకంటే, మన చెంచులకు వేరే అండ లేదు. ఏజెన్సీలో గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండా 1/70 చట్టం అడ్డుకుంటుంది. గ్రామసభకు 1996 నాటి పెసా చట్టం బలాన్నిస్తుంది. ఆ రెండూ ఐదో షెడ్యూలు ప్రాంతాలకే వర్తిస్తాయి. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో ఒక్క ఊరూ ఆ షెడ్యూలులో లేదు. బైర్లూటి, నాగలూటి, పెచ్చెరువు గూడేలకు అందే రక్షణ 2006 చట్టమే. అది షెడ్యూలుతో పని లేకుండా గిరిజనులున్న ప్రతి అడవికీ వర్తిస్తుంది.

పట్టాలిస్తే చాలదా అని కొందరంటారు. వ్యక్తిగత హక్కుకు గరిష్ఠ పరిమితి నాలుగు హెక్టార్లు, అంటే సుమారు పదెకరాలు. చెంచుల బతుకు ఆ చెక్కలో ఇమడదు. తేనె తీసేవాడు కొండచరియ అంచు నుంచి తీగతాడు పట్టుకుని లోయలోకి దిగుతాడు. పైన తాడు కాసేది బావమరిది. ఆ చరియ ఏ సర్వే నంబరులో ఉంటుంది? గడ్డలు తవ్వే చోట్లు, జిగురు, సారపప్పు ఇచ్చే చెట్లు, పెద్దల సమాధులు గూడెం అందరివీ. అందుకే ఆదిమ తెగలకు ఆవాస హక్కు ఉందని ఆ చట్టం 3వ సెక్షన్ ప్రత్యేకంగా చెప్పింది. మధ్యప్రదేశ్‌లోని డిండోరి బైగాలు ఆ హక్కు సాధించుకున్నారు. మన చెంచులూ ఆదిమ తెగే.

రుజువులు లేవన్నది మరో అభ్యంతరం. కాగితమే కావాలని నియమాలు చెప్పలేదు. పాత ఇళ్లు, బావులు, సమాధులు, రాతలో పెట్టిన పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యాలే. గ్రామసభ తీర్మానం మీద అభ్యంతరముంటే 60 రోజుల్లో డివిజన్ కమిటీకి వెళ్లొచ్చు. 2019 ఫిబ్రవరి 13న, తిరస్కరించిన దరఖాస్తుదారులను ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు చెప్పింది. పదిహేను రోజులకే, 28న, ఆ ఆదేశాన్ని నిలిపేసింది. దరఖాస్తు సరిగా రాయడం, సరిగా వినడం ఎంత ముఖ్యమో ఆ రెండు తేదీలే చెబుతాయి.

పులుల మాటేమిటని అడగడం న్యాయమే. నల్లమల 1983 నుంచి పులుల అభయారణ్యం, పులి బతకాలన్నది మా కోరికే. కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగ గిరిజనులకు 2011లో సామూహిక హక్కులొచ్చాయి. ఆ తర్వాతా అక్కడ పులులు నిలిచే ఉన్నాయి. పరిశీలన పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదని అదే చట్టం 4వ సెక్షన్ అంటోంది. బడి, ఆసుపత్రి కావాలంటే బయటికి రండి అనడం కూడా తప్పే. అవి ఉన్నచోటికి రావాల్సిన సేవలు, ఊరు వదిలినందుకు ఇచ్చే ధర కావు. హక్కిస్తే అమ్ముకుంటారన్న భయానికీ చట్టంలో జవాబుంది: ఈ హక్కు వారసులకు వస్తుంది, అమ్మడానికి కుదరదు, భార్యాభర్తల ఉమ్మడి పేరున నమోదవుతుంది.

2013లో ఒడిశా నియమగిరిలో పన్నెండు గ్రామసభలు బాక్సైట్ గనిని కాదన్నాయి. వాళ్ల కొండ వాళ్లకు మిగిలింది. నల్లమలలోనూ సభ జరపండి, అటవీ హక్కుల కమిటీ ఎన్నుకోండి, దరఖాస్తుకు రసీదు తీసుకోండి. శ్రీశైలం ఐటీడీఏ, రెవెన్యూ, అటవీ అధికారులు గూడెం దాకా వచ్చి హద్దులు చూడాలి. చదువుకున్నవాళ్లు ఒక్కరోజు ఆ గూడేలకు వెళ్లి పెద్దల మాటలు రాసిపెట్టండి. చెంచు పెద్దల నోట ఉన్నది దస్త్రంలోకి ఎక్కాలి.