చిగుళ్ల నెత్తురును తేలిగ్గా తీసుకోవద్దు!

పళ్లు తోముకుని ఉమ్మినప్పుడు నురగలో ఎర్రటి చార కనిపిస్తే బ్రష్ గట్టిదనో, ఒళ్లు వేడి చేసిందనో సరిపెట్టుకుంటాం. ఆరోగ్యంగా ఉన్న చిగురు రోజూ నెత్తురు కార్చదు. నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే పెద్ద ప్రమాదం. చిగుళ్ల జబ్బు చాలామందిలో పళ్లు కదిలేదాకా నొప్పి పెట్టదు.

దీనికి మూలం పాచి. పంటికీ చిగురుకూ మధ్య పేరుకునే సూక్ష్మజీవుల పొర అది. రోజూ తీసేయకపోతే గట్టిపడి గారగా మారుతుంది. గార ఇక బ్రష్‌కు లొంగదు. మొదట చిగురు ఎర్రబడి వాస్తుంది. అప్పుడే శుభ్రం చేయిస్తే పూర్తిగా నయమవుతుంది. అశ్రద్ధ చేస్తే వాపు లోపలికి దిగి, పంటిని పట్టి ఉంచే ఎముకను కరిగిస్తుంది. అలా పోయిన ఎముక దానంతట అది తిరిగి రాదు. షుగరు అదుపులో లేకపోతే ఈ నష్టం వేగంగా జరుగుతుంది. చిగుళ్ల వాపు తిరిగి షుగరునూ పెంచుతుంది. పొగతాగేవారిలో నెత్తురు తక్కువగా కారుతుంది కనుక జబ్బు బయటపడకుండానే ముదురుతుంది.

పన్ను ఊడితే ఎముకలో బిగించే టైటానియం ఇంప్లాంటు పెట్టించుకోవచ్చులే అన్న ధీమా ఇంకా ప్రమాదం. టైటానియం పుచ్చిపోదు, నిజమే. కానీ దాని చుట్టూ ఉన్న చిగురుకూ ఎముకకూ ఇన్ఫెక్షన్ సోకుతుంది. సహజమైన పంటికి ఉండే రక్షణ ఇంప్లాంటుకు లేదు. పంటిని ఎముకతో కలిపే నారపొర దానికి ఉండదు, చిగురు కూడా దాన్ని అంత గట్టిగా అంటిపెట్టుకోదు. అందుకే ఇన్ఫెక్షన్ త్వరగా లోపలికి దిగుతుంది. చిగుళ్ల జబ్బుతోనే పళ్లు పోగొట్టుకున్నవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ. ఇంప్లాంటు మీద క్యాప్ అంటించిన సిమెంటు చిగురు కింద మిగిలిపోయినా ఇదే గతి. నెత్తురు, చీము, దుర్వాసన ముందుగా వచ్చే హెచ్చరికలు. ఇంప్లాంటు కదిలిందంటే చాలావరకు చేయి దాటిపోయినట్టే.

మందుల షాపులో కొన్న యాంటీబయాటిక్ చిగుళ్ల జబ్బుకు విరుగుడు కాదు. పాచి పొరలోకి మందు సరిగా చొరదు, దాన్ని గీకి తీయాల్సిందే. స్కేలింగ్ (గార గీకి తీయడం) చేయిస్తే పళ్లు వదులవుతాయన్నది అపోహ. అప్పటికే ఎముక కరిగిన పళ్లు గార పోగానే కదులుతున్నట్టు తెలుస్తాయి, అంతే. వైద్యులు చిగురు సందు లోతు కొలుస్తారు. 3 మిల్లీమీటర్ల దాకా మామూలే. అంతకు మించి లోతుండి నెత్తురు కారితే పంటి వేళ్ల దాకా శుభ్రం చేయాలి. అప్పటికీ తగ్గకపోతే చిగురు తెరిచి శస్త్రచికిత్స చేస్తారు. ఇంప్లాంటు చుట్టూ ఇన్ఫెక్షన్ సోకినా ఇంచుమించు ఇదే చికిత్స. ఎముక బాగా పోతే ఇంప్లాంటును తీసేయక తప్పదు.

నోటిలోని ఇన్ఫెక్షన్ ముదిరి దవడ కింద వాపు గొంతువైపు పాకినా, మింగడం, ఊపిరి తీయడం కష్టమైనా, జ్వరంతో నోరు తెరవలేకపోయినా ప్రాణాపాయమే. తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇంప్లాంటు పెట్టించుకోబోయేవారు ముందు చిగుళ్ల పరీక్ష, షుగరు పరీక్ష, ఎక్స్-రే చేయించుకోవాలి. ఒక్కరోజులో పళ్లు పెడతామన్న ప్రకటన చూసి వీటిని దాటేయొద్దు. పెట్టించుకున్నవారు జీవితాంతం క్రమం తప్పకుండా చూపించుకోవాలి. రాత్రి పడుకునే ముందు 2 నిమిషాలు తోముకోండి. పళ్ల సందులు శుభ్రం చేసుకోండి. సిగరెట్టు, గుట్కా మానండి. ఖర్చుకు జంకేవారికి హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. నెత్తురు కనిపించినవారు ఈ వారమే పరీక్ష చేయించుకోండి.